దినాల తలెలు, లగ్గాల తలెలు

చెత్త మీద ఉద్యోగం చేశానంటే మా మనవరాళ్లు ఇప్పటికీ ముక్కు మూసుకొని నవ్వుతారు. నవ్వనీ. పంచాయతీ కార్యదర్శిగా చేరి, మండల పంచాయతీ అధికారిగా దిగిపోయేదాకా నేను చేసిన పనిలో సగం చెత్త పనే. నల్లమల అంచున కొన్నేళ్లు, వనపర్తి చుట్టుపక్కల కొన్నేళ్లు, చివరికి మానవపాడు దిక్కు. ఇప్పుడు వనపర్తిలో ఇంటిపట్టున ఉంటున్నాను.

ఈ మధ్య కొత్తగా కార్యదర్శులైన పిల్లలు ముగ్గురు వచ్చి, "మేడం, ఊర్లల్ల చెత్త తగ్గించే పనులకు నిధులొస్తున్నయి, ఎట్ల ఖర్చు పెట్టాలె?" అని అడిగారు. ఖర్చు పెట్టడం ఎట్లాగో ట్రైనింగులో చెప్తారు బిడ్డా అన్నాను. పెట్టిన ఖర్చు ఊళ్లోకి వెళ్లాక ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. అది నాకు కొంచెం తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్ల ఊసు ఉండదు, భయపడకండి.

తిని పారేసుడెందుకు?

సర్కారు సొమ్ముకు ఒక గుణముంది. అది ఎప్పుడెప్పుడు వస్తువుగా మారిపోదామా అని తొందరపడుతుంది. బకెట్టు, రిక్షా, ట్రాక్టరు, షెడ్డు. వీటికి బిల్లు ఉంటుంది, ఫోటో ఉంటుంది. మనుషుల అలవాటు మార్చడానికి బిల్లెక్కడ పెడతారు? మార్చి నెల దగ్గరపడితే చాలు, పైనుంచి ఒకటే ఫోన్లు. ఖర్చు చేయండి, లేకపోతే నిధులు మురిగిపోతాయి అని. నిధులు మురిగితే అందరికీ బాధే. చెత్త మురిగితే మాత్రం ఎవరికీ ఫోన్ రాదు.

ఉప్పునుంతలలో ఉన్నప్పుడు ఒకసారి నన్ను అడవి అంచునున్న చెంచు గూడేనికి పంపారు. ఇంటికి రెండు బకెట్లు పంచాలి. ఆకుపచ్చది తడి చెత్తకు, నీలం రంగుది పొడి చెత్తకు. ఒక పెద్దావిడ బకెట్టును అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్ల ఏం ఎయ్యాలె బిడ్డా?" అని అడిగింది.

"తిని పారేసినవి వెయ్యాలమ్మా."

"తిని పారేసుడెందుకు? తిననీకే గద వండేది."

"సరే, ఈ నీలం దాంట్లో ప్లాస్టిక్ కవర్లు, సీసాలు వెయ్యండి."

"గవి మీరొచ్చినప్పుడే వస్తయి" అన్నదావిడ, నా చేతిలోని నీళ్ల సీసా వైపు చూస్తూ.

గూడెమంతా తిరిగినా ఒక దోసెడు చెత్త దొరకలేదు. వాళ్లు తినేది మోదుగాకు విస్తళ్లలో. తిన్నాక మేకలు వాటిని కూడా మిగల్చవు. కానీ అప్పటి మా పైఅధికారికి ఫోటో కావాలి, ఫోటోలో బకెట్లు నిండుగా కనబడాలి. ఏం చేస్తాం? అడవిలో ఎండాకులు ఏరి బకెట్లు నింపి ఫోటో తీసి పంపాం. ఆయన చాలా సంతోషించారు. ఆ తర్వాత ఆ బకెట్లలో ఇప్పపువ్వు పోసుకున్నారని విన్నాను. నా లెక్కన ఆ పథకంలో జరిగిన మంచి పని అదొక్కటే.

షెడ్డు నిండా మిరపకాయలు

ఉద్యోగం చివరి ఏళ్లు మానవపాడు దిక్కు గడిచాయి. నేను ముఖ్యంగా చెప్పదలచింది అక్కడి ఒక ఊరి సంగతి. ఊరి పేరు రాయను. నల్లరేగడి నేల, మిరప, పత్తి. కొంచెం పడమటికి పోతే కన్నడం వినబడే దిక్కు.

ఆ ఊరికి నిధులు బాగానే వచ్చాయి. చెత్త తీసుకుపోను ట్రాక్టరు వచ్చింది. ఊరవతల చెత్తను వేరు చేసి ఎరువు తయారు చేసే షెడ్డు కట్టారు. షెడ్డు ముందు "ఇక్కడ సేంద్రియ ఎరువు అమ్మబడును" అని పెద్ద బోర్డు. ఎరువు లేదు, ఎరువుకు కావలసిన చెత్త కూడా లోపలికి రాలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

నేను మొదటిసారి చూడబోయినప్పుడు గేటు దగ్గరికి రాగానే తుమ్ములు మొదలయ్యాయి. లోపల నేల కనబడకుండా ఎండు మిరపకాయల బస్తాలు. అందులో సగం సర్పంచివే. సర్పంచి తిమ్మారెడ్డి మంచి మాటకారి, చెడ్డవాడు కాదు. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత మీకు అనుమానం రావచ్చు.

"ఇదేంది సర్పంచ్ గారూ?" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"మేడం, జర మీరే చెప్పుండ్రి. కల్లంల మిరపకాయ మీద వాన పడితె ఏడాది కష్టం పాయె. చెత్త మీద వాన పడితె ఏమయితది? తడిచెత్త అయితది."

ఊరికి కావలసింది మిరపకాయకు నీడ. మనం ఇచ్చింది చెత్తకు నీడ. ఊరు తనకు కావలసింది చేసుకుంది. ఇట్లాంటిది చూసినప్పుడు ముందు కోపం వస్తుంది, రానివ్వండి. కానీ కోపంలో నోటీసు రాయకండి. నేను చాలా రాశాను, ఒక్క బస్తా కూడా కదలలేదు.

సుంకులమ్మ చేను

మరి ఊరి చెత్త ఎక్కడికి పోతున్నట్టు? షెడ్డు నిండుగా ఉంది కనుక ట్రాక్టరు డ్రైవరు దగ్గరి దారి చూసుకున్నాడు. బాట పక్కనే ఒకప్పుడు రాళ్లు తీసిన గుంత ఉంది. అక్కడ ట్రాలీ ఎత్తి గుమ్మరించి వెళ్లిపోతాడు. ఆ గుంత ఒడ్డునే సుంకులమ్మ చేను.

సుంకులమ్మ మాదిగవాడ మనిషి. ఆ వాడ మహిళా సంఘానికి పెద్ద. కొంచెం సొంత భూమి, పక్కన కొంచెం కౌలు. ఒక్కసారి పరిచయమైతే మరిచిపోలేని మనిషి. మాట్లాడేటప్పుడు గొంతు పెంచదు, కానీ ఎదుటివాడు జవాబు చెప్పేదాకా కదలదు. నా ఆఫీసుకు వచ్చి కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, "మేడం, ఒక్కపారి మా చేనుకు రా" అన్నది. అంతే. ఏం సంగతని అడిగినా మళ్లీ అదే మాట.

వెళ్లాను. ఆషాఢం. ఆ దిక్కు ఆషాఢం గాలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నిలబడిన మనిషిని నెట్టుకుపోతుంది. గుంతలోనుంచి ప్లాస్టిక్ పూత వేసిన కాగితం పళ్లేలు, థర్మాకోల్ పళ్లేలు, గ్లాసులు లేచి చేనంతా పరుచుకుంటున్నాయి. అప్పుడే మొలిచిన పత్తి మీద పళ్లేలు బోర్లా పడి ఉన్నాయి. సుంకులమ్మ ఒకటి ఎత్తి చూపింది. కింద మొలక పసుపుపచ్చగా వంగిపోయి ఉంది.

"పోయిన లగ్గాల సీజనుల ఊరంత తిన్న తలెలు మేడం ఇవి," అన్నది. మా దిక్కు పళ్లేన్ని తలె అంటారు. "పొద్దుగాల ఏరుత, పొద్దుమీకి మల్ల వస్తయి. మొలక సంగతి ఇడువు. మా ఆవు గీటినే తిని సచ్చింది. డాక్టరు కడుపు కోసి చూపిచ్చిండు. ఉండ కట్టుకుని ఉండె. ఇగ దాని పెయ్య ఒక్కటే మిగిలింది నాకు."

పెయ్యను గట్టున కట్టేసి ఉంది. మూతికి గోతాం చిక్కం. గడ్డి మధ్యలో కట్టేసిన పెయ్యకు మూతికట్టు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. నేనూ పాడి ఉన్న ఇంట్లో పుట్టినదాన్నే.

గుంతలో పోయొద్దని ట్రాక్టరు డ్రైవరుకు చెప్పాను. రెండు వారాలు వేరేచోట పోశాడు, మళ్లీ అక్కడికే వచ్చాడు. గుంతకు కంచె వేయిద్దామంటే గాలికి కంచె అడ్డమా? అప్పుడు తట్టింది. గుంతలో ఎక్కువ భాగం విందుల చెత్తే. లగ్గాలు, దినాలు, నల్లపోచమ్మ పండుగలు. ఆ పళ్లేలే పుట్టకపోతే గాలి ఏం తెస్తుంది?

ఊరికి స్టీలు సామాను

ఆ ఏడు చెత్త పుట్టకుండా చేసే పనులకు మండలాలకు కొంత గ్రాంటు వచ్చింది. ఇట్లాంటి మాట సర్కారు కాగితంలో కనబడటం నాకు అదే మొదలు. ఆ ఊరికి విందు సామాను కొందామని ప్రతిపాదన పెట్టాను. స్టీలు పళ్లేలు, గ్లాసులు, గిన్నెలు. విందు చేసేవాళ్లు తీసుకుపోయి, తోమి మళ్లీ తెచ్చి పెట్టాలి. సామాను పాత బడి గదిలో, తాళం సుంకులమ్మ సంఘం దగ్గర. తిమ్మారెడ్డి కూడా సంతోషంగా ఒప్పుకున్నాడు. పళ్లేల వెనక "గ్రామ పంచాయతీ" అని పేరు కొట్టించాం. రిబ్బను కట్ చేశాం, మిఠాయి పంచాం.

ఆ తర్వాత కొన్నాళ్లకు సుంకులమ్మ మామ పోయాడు. వయసు మళ్లిన మనిషి. దినాలకు ఆ వాడంతా స్టీలు తలెల్లో తిన్నది. గుంతలోకి ఒక్క పళ్లెం రాలేదు. నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆమె నాకు ఫోన్ చేసి మంచి మాట చెప్పడం అదే మొదటిసారి.

అంతే, అక్కడితో ఆగిపోయింది. మాఘమాసం వచ్చింది, ఊళ్లో లగ్గాల మీద లగ్గాలు. ఒక్క ఇల్లు కూడా సామాను అడగలేదు. అందరూ గద్వాల నుంచి ప్లాస్టిక్ పళ్లేలు కట్టలు కట్టలుగా తెచ్చుకున్నారు. ఎవరిని అడిగినా ఒకటే మాట.

"అవి దినాల తలెలు మేడం. సావుకాడ తిన్నయి. లగ్గానికి ఎట్ల తెస్తం?"

విందు సామాను కొనేటప్పుడు ధర చూశాం, మందం చూశాం, తుప్పు పడుతుందా అని చూశాం. ఏ విందుకు ముందు బయటికి పోతుందని ఎవరం అనుకోలేదు. మా దిక్కు మనుషులమై ఉండి మాకు తట్టకపోవడం చూడండి.

సుంకులమ్మ మాత్రం నమ్మలేదు. "టెంట్ హౌసోని వంట గంజులు, నీళ్ల గోళాలు తెస్తలేరా? అవి ఎన్ని సావులకు పోతయో ఎవలకెర్క? గద్వాలల ఎవలు తిన్నరో వీళ్లకు కండ్లవడదు. మేం తిన్నది కండ్లవడ్డది. గదీ సంగతి."

నేను "అట్లా కాకపోవచ్చులే, పట్టింపు ఉన్నమాట నిజమే కదా" అన్నాను. ఆమె నన్ను అదోరకంగా చూసి వెళ్లిపోయింది.

కలశం బొమ్మ

అప్పుడు జిల్లాలో నా పైఅధికారి కుర్రవాడు, చురుకైనవాడు. ఫోటోల పిచ్చి లేదు. చెప్పింది వింటాడు, వెంటనే మందు రాస్తాడు. "మేడం, ఇందులో కష్టమేముంది? రెండో సెట్టు కొనండి. పాతది దినాలకు, కొత్తది లగ్గాలకు. ఊరి నమ్మకాన్ని గౌరవించినట్టూ ఉంటుంది" అన్నాడు. తెలివైన మాట. నేనూ సరేనన్నాను.

గుర్తు ఎట్లా పెట్టాలనేది పంచాయతీలో పెద్ద చర్చ. ఒకాయన "శుభం", "అశుభం" అని కొట్టిద్దామన్నాడు. అశుభం అని రాసి ఉన్న తలెలో ఎవడు తింటాడయ్యా అని అందరూ నవ్వారు. చివరికి కొత్త పళ్లేల వెనక కలశం బొమ్మ చెక్కించాం. ఆ సెట్టును తిమ్మారెడ్డి తమ్ముని బిడ్డ లగ్గానికి మొదట తీశారు. ఆ తర్వాత ఊళ్లో లగ్గాలకు, బారసాలలకు అడిగి మరీ తీసుకుపోయారు. సుంకులమ్మ చేను దగ్గర గుంతలో చెత్త సగం పలచబడింది. పైఅధికారి నాకు ప్రశంసాపత్రం ఇచ్చాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయిందని తెలియడానికి వైశాఖం దాకా పట్టింది. వాడలో సుంకులమ్మ పక్కింటి పిల్లవాడి లగ్గం. కలశం తలెలు కావాలని అడిగారు. తాళం సుంకులమ్మ దగ్గరే ఉన్నా, ఫలానా ఇంటికి ఇస్తున్నామని సర్పంచికి చెప్పాలన్నది పద్ధతి. తిమ్మారెడ్డి, "మీ దిక్కు ఒక సెట్టు ఉన్నది గద, అది వాడుకోండ్రి" అన్నాడట. దినాల తలెలతో లగ్గం ఎట్లా చేస్తారు? వాళ్లు ప్లాస్టిక్ పళ్లేలు తెచ్చుకున్నారు. తెల్లారి అవి గుంతలోకి, గుంతలోనుంచి గాలి వెంట సుంకులమ్మ చేనులోకి వచ్చాయి. తన వాళ్ల లగ్గంలో తిన్న తలెలే తన దుక్కిలో ఏరుకున్నది.

నేను తిమ్మారెడ్డిని అడిగాను. "నాదేం లేదు మేడం. ఊరు ఒప్పుకోదు" అన్నాడు, నిజంగానే బాధపడుతున్నట్టు.

ఊరు అంటే ఎవరని ఉద్యోగంలోకి వచ్చే ప్రతివాళ్లూ ఒకసారి అడిగి చూడండి. నా అనుభవంలో ఊరు అంటే అరుగు మీద కూర్చున్న ఏడెనిమిది మంది. మిగతావాళ్లను అడిగినవాళ్లు లేరు. టీ కొట్లలో మాదిగవాడకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని మేం సర్కారు డబ్బుతో స్టీలులో చేయించి, దాని మీద కలశం చెక్కించి ఇచ్చాం. సుంకులమ్మ మాఘంలోనే చెప్పిన మాట అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను ఆమెతో.

"ఏం జేస్తం. తాళం నాకాడనే ఉంది గద. చూద్దాం" అన్నది. పెయ్యకు ఇంకా మూతికట్టు తీయలేదు.

అవ్వ దినాలు

ఆ ఏడాదే తిమ్మారెడ్డి తల్లి పోయింది. ఊరందరికీ అవ్వ. చేయి పెద్దది, మాట పెద్దది. ఆకలని వచ్చినవాళ్లను ఏ వాడ అని అడిగేది కాదు, కానీ గడప బయటే పెట్టేది. అట్లాంటి మనుషులు మీకు అన్ని ఊళ్లలో తగులుతారు. మంచివాళ్లో చెడ్డవాళ్లో తేల్చుకునే పని పెట్టుకోకండి.

దినాలకు ముందురోజు నేను పరామర్శకు వెళ్లి, అట్నుంచి పాత బడి గది దగ్గర ఆగాను. సుంకులమ్మ సంఘం ఆడవాళ్లతో సామాను సర్దుతోంది. అంతలో తిమ్మారెడ్డి తమ్ముడు ట్రాక్టరుతో వచ్చాడు. "కలశం తలెలు ఎక్కియ్యి సుంకులమ్మా" అన్నాడు.

"అవి లగ్గాలయి గద. దినాలయి ఇవి," అని ఆమె పాత సెట్టు చూపించింది. గొంతులో ఎక్కసెక్కం లేదు. బస్సు ఎప్పుడొస్తుందని అడిగితే చెప్పినట్టు చెప్పింది.

ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. ఆ కట్టు పెట్టింది వాళ్లే, కాగితం మీద సంతకం పెట్టింది నేను. ఇక మాట్లాడడానికి ఏముంది? ఆయన వెళ్లి అన్నను తీసుకొచ్చాడు.

తిమ్మారెడ్డి మాసిన గడ్డంతో, భుజం మీద తెల్ల కండువాతో వచ్చాడు. పది రోజుల్లో పదేళ్లు పెద్దవాడైనట్టున్నాడు. గుమ్మంలో నిలబడి రెండు సెట్ల వైపూ చూశాడు. పాత సెట్టులో మొదట తిన్నది ఎవరో ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని సుంకులమ్మకూ తెలుసు.

"ఇడువు, గద్వాల నుంచి ప్లాస్టిక్‌యి తెప్పిస్త" అన్నాడు చివరికి.

"తెప్పియ్యుండ్రి పటేలా," అన్నది సుంకులమ్మ. "మీ ఇష్టం. కని అవి తెల్లారి నా చేన్లకే వస్తయి. అవ్వ పేరు మీద తిన్న తలె నా పెయ్య నోట్లెకు పోతది. ఒక పెయ్యనే మిగిలింది నాకు. అవ్వ ఉంటె గిది ఒప్పుకుంటుండెనా?"

సంఘం ఆడవాళ్లు చేతిలో గిన్నెలు చేతిలోనే పట్టుకొని నిలబడ్డారు. తిమ్మారెడ్డి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"సరె. కలశంవే ఇయ్యి."

"ఇస్త. అయితె ఎల్లుండి నుంచి అవి గూడ దినాల తలెలే అయితయి. ఊర్ల లగ్గాలకు ఏం ఇయ్యాల్నో చెప్పి పోండ్రి."

"మా అమ్మ దినాలకు తిన్న తలె మైలదని ఎవడంటడు?" తిమ్మారెడ్డి గొంతు లేచింది.

సుంకులమ్మ చేతిలో ఉన్న పళ్లేన్ని దొంతి మీద పెట్టి, అప్పుడు అన్నది.

"మా మామ దినాలకు తిన్నదాన్ని అన్నరు గద."

ఉద్యోగంలో నేను విన్న మాటల్లో నన్ను కదలకుండా నిలబెట్టిన మాట అది. తిమ్మారెడ్డి కూడా అట్లాగే నిలబడ్డాడు. అరవలేదు. అరిస్తే నాకు ఆయన మీద గౌరవం మిగిలేది కాదు. తమ్ముని వైపు తిరిగి, "రాయచూరు నుంచి, కర్నూలు నుంచి చుట్టాలొస్తుండ్రు. ఒక సెట్టు సాలదు. రెండూ ఎక్కియ్యి" అన్నాడు.

చుట్టాలు వస్తున్నమాట నిజమే. ఒక సెట్టు చాలదన్నదీ నిజమే. మనసు మారిందా, అవసరం మార్చిందా అని మీరు నన్ను అడగొద్దు. పంచాయతీ పనిలో ఆ రెండింటినీ విడదీసి చూసే అద్దం నాకు దొరకలేదు. రెండు సెట్లూ ఒకే ట్రాలీలో ఎక్కాయి.

మర్నాడు భోజనాల దగ్గర నేనూ ఉన్నాను. గుర్తు పళ్లేల వెనక ఉంది. కూర్చున్న వెంటనే ఒకరిద్దరు పెద్దమనుషులు పళ్లేన్ని ఎత్తి చూడబోయారు, కానీ అప్పటికే వడ్డించేవాళ్లు అన్నం గుమ్మరించారు. అన్నం పెట్టిన తలెను తిరగేసి చూసే ధైర్యం, అదీ సర్పంచి తల్లి దినాలలో, ఎవరికుంటుంది? అందరూ తిన్నారు. నాకొచ్చింది ఏదో నేనూ చూసుకోలేదు. తిన్నాక అన్నీ కలిపి ఒకే నీళ్ల గోళెంలో తోమారు. సుంకులమ్మ గదిలో వాటిని ఏరి వేరు పెట్టలేదు. కలశమున్నవీ లేనివీ ఒకే దొంతిగా పేర్చింది.

శ్రావణంలో ఊళ్లో మళ్లీ లగ్గాలు. ఇవి దినాల తలెలు అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అంటే అవ్వను అన్నట్టు. అవ్వను అంటే తిమ్మారెడ్డిని అన్నట్టు. అరుగు మీది ఏడెనిమిది మందికి ఆ లెక్క బాగా తెలుసు. సామాను అన్ని ఇళ్లకూ పోయింది, అన్ని వాడలకూ పోయింది. వాడలో ఒక లగ్గానికి పోయిన తలెలే మరుసటి వారం పెద్దింటి బారసాలకు పోయాయి. కులం పోయిందని నేను అనడం లేదు. పంక్తులు ఇప్పటికీ వేరే. పళ్లేలు మాత్రం ఒకటే. నిధులతో చేయగలిగింది అంతే, అదీ ఊళ్లో ఒక మనిషి తాళం పట్టుకొని గట్టిగా నిలబడితేనే.

అందుకే కొత్తవాళ్లకు నేను చెప్పేది: గ్రాంటు రాగానే ఏం కొందామని ఆలోచించకండి. ఆ చెత్త ఎవరి చేనులో పడుతోందో కనుక్కోండి. తాళం ఆ మనిషి చేతికి ఇవ్వండి. మిగతాది మెల్లగా జరుగుతుంది, లేదా జరగదు. కానీ జరిగితే అక్కడే జరుగుతుంది.

ఆషాఢం గాలి

నేను దిగిపోయే ముందు మళ్లీ ఆషాఢం వచ్చింది. చివరిసారిగా ఆ ఊరికి వెళ్లాను. షెడ్డు నిండా యథాప్రకారం మిరపకాయలే. బోర్డు మీద సేంద్రియ ఎరువు యథాప్రకారం అమ్మబడుతూనే ఉంది. దాని సంగతి నా తర్వాత వచ్చినవాళ్లకు వదిలేశాను.

సుంకులమ్మ చేనులో పత్తి జానెడు లేచింది. గాలి అదే గాలి. నా చీర కొంగు చేతికి అందడం లేదు. గుంతలోనుంచి రెండు మూడు నీళ్ల ప్యాకెట్లు ఎగిరొచ్చాయి. ఆమె వంగి వాటిని ఏరి బొడ్లో దోపుకుంది. పళ్లెం ఒక్కటి కూడా రాలేదు.

పెయ్య గట్టు మీద మేస్తోంది. రెండేళ్లలో బాగా ఎదిగింది. మూతికట్టు కోసం చూశాను. గోతాం చిక్కం చెట్టు కొమ్మకు వేలాడుతూ గాలికి కొట్టుకుంటోంది. సుంకులమ్మ కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని గుంత వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్ల అలవాటు కదా, ఇంకా ఏదో వస్తుందని చూస్తూనే ఉంది.

"ఈ ఏడు గాలి వట్టి చేతుల్తోటి వచ్చింది మేడం" అన్నది.